నల్లగొండ నీళ్లలో ఎవరి చెయ్యి ఎంత?

సంపాదకులు గారికి,

నమస్కారం. జిల్లా మహనీయుల మీద మీ ఆదివారం పేజీలో వస్తున్న వ్యాసాలను వదలకుండా చదువుతున్నాం. బొల్లేపల్లి రావి నారాయణరెడ్డితో మొదలైన వరుస, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ముందు నూరెకరాలు ఇస్తానన్న వెదిరె రామచంద్రారెడ్డి దాకా వచ్చింది. మంచి పనే. అయితే ఒక కొరత కనబడుతున్నది. వ్యాసంలో మనిషి ఉంటాడు, పొగడ్త ఉంటుంది, చేసిన పనికి కొలత ఉండదు. అహర్నిశలు శ్రమించారు, చెరగని ముద్ర వేశారు అంటే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఆ పనితో ఏది బాగుపడింది, దాని వెంటే ఏది చెడింది అన్నది రాయాలి కదా. మంచివాళ్ల చేతుల మీదుగా జరిగిన చెడు, పేరు లేనివాళ్ల చేతుల మీదుగా జరిగిన మంచి, ఈ రెండూ మీ పేజీలోకి ఇంతవరకు రాలేదు.

మాకు తెలిసింది నీళ్ల సంగతి. తాగే నీళ్లలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ చెడగొట్టే ఫ్లోరైడ్ పేరు ఎత్తగానే ఈ జిల్లా మొత్తాన్నీ ప్రకృతి పెట్టిన శాపంగా చూపెట్టడం అందరికీ అలవాటైంది. రాయిలో ఫ్లోరైడ్ ఉండటం ప్రకృతి పనే. అది బిందెలోకి రావడం మాత్రం మనుషుల పని. అందులో దుర్మార్గులు తక్కువ, మేలు చేయబోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

మొదట నారికురుపు సంగతి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. ఊళ్లలో తాగునీటికి దిగుడుబావులు ఉండేవి. మెట్లు దిగి, కాళ్లు నీళ్లలో పెట్టి, బిందె ముంచుకునేవాళ్లు. ఆ నీళ్లలో సైక్లాప్స్ అనే, కంటికి ఆనీ ఆనని పురుగు ఉంటుంది. అది నారిపురుగు పిల్లలను మింగి ఉంటే, ఆ నీళ్లు తాగినవాడి ఒంట్లో నారిపురుగు దాదాపు ఏడాది పాటు పెరుగుతుంది. మీటరు దాకా పొడవు పెరిగిన ఆడపురుగు చివరికి కాలి దగ్గర పొక్కు లేపి బయటికి వస్తుంది. మంటకు ఓర్వలేక మనిషి కాలు నీళ్లలో పెట్టగానే అది వేలకొద్దీ పిల్లలను వదులుతుంది. మళ్లీ సైక్లాప్స్, మళ్లీ బిందె. పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంత లాగేవాళ్లు. మధ్యలో తెగిందా, కాలంతా చీము. దీనికి టీకా లేదు, మాత్ర లేదు. నీళ్లలో కాలు పెట్టకుండా నీళ్లు తెచ్చుకోవడం ఒక్కటే విరుగుడు. బట్టను రెండు మడతలు వేసి వడకట్టినా పురుగు ఆగుతుంది, కానీ చేనులో దప్పికైనవాడు బట్ట వెతుక్కుంటూ కూర్చోడు కదా.

ఆ విరుగుడు బోరింగు రూపంలో వచ్చింది. తొలినాళ్ల పోత ఇనుప పంపులు ఒక్క ఇంటి వాడకానికి చేసినవి. ఊరంతా కొడితే నెలల్లోనే పిడి ఊడేది. షోలాపూర్‌లో ఆస్కార్ కార్ల్‌సన్ అనే స్వీడన్ మెకానిక్ చేసిన పంపులో పిడికీ రాడ్డుకూ మధ్య గొలుసు పెట్టారు. రాడ్డు నిట్టనిలువుగా లేచి దిగుతుంది, పక్కకు గుంజదు, అందుకని అరుగుదల తక్కువ. దాన్ని మెరుగుపరచి 1970ల చివర్లో తయారుచేసిందే ఇండియా మార్క్-2. నలభై అయిదు మీటర్ల లోతు నుంచి నీళ్లు తెస్తుంది. లోపల సిలిండర్‌లోని తోలు వాషర్లు అరిగితే పది పదిహేను సార్లు కొట్టినా నీళ్లు రావు, వాషర్లు మారిస్తే మళ్లీ మామూలే. రాతి నేలను తొలిచే బోరు బండ్లు కూడా అప్పుడే ఊళ్లకు వచ్చాయి. దిగుడుబావులు మూతపడ్డాయి. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. కార్ల్‌సన్ పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలియదు కాని, నారికురుపు ఎట్లుంటుందో తెలియని తరం పెరగడంలో ఆయన వాటా ఉంది.

ఇక అదే గొట్టంలో వచ్చిన రెండో సంగతి. నల్లగొండ నేల కింద గ్రానైటు. అందులోని అపటైట్, ఫ్లోరైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. పైన మొరం పొరలో నిలిచే బావి నీరు వానకు కొత్తది వస్తూ, పాతది పోతూ ఉంటుంది. కింద రాతి పగుళ్లలోని నీరు అట్లా కాదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి రాయిని నానబెడుతుంది. క్షారగుణం పెరుగుతుంది, అందులోని సున్నం గడ్డకట్టి నేలలో మిగిలిపోతుంది. నీటిలో సున్నం తగ్గినకొద్దీ ఫ్లోరైడ్ కరగడానికి అడ్డు తొలగుతుంది. ఇంకో మాటలో చెప్పాలంటే, సబ్బు నురగ బాగా వచ్చి, నాలుకకు మెత్తగా తగిలే బోరు నీళ్లనే ముందు అనుమానించాలి. ఉప్పగా, గరుగ్గా ఉన్న నీళ్లను జనం వాళ్లంతట వాళ్లే వదిలేస్తారు. తియ్యటి నీళ్లనే ఏళ్లకేళ్లు తాగుతారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

కొలత చూడండి. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి దారి లేనప్పుడు 1.5 దాకా. ఎండాకాలం చెలకలో పనిచేసే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగుతాడు. బోరులో 5 మిల్లీగ్రాములుంటే రోజుకు 20 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు. పెద్దవాళ్లలో దాదాపు సగం మూత్రంలో పోతుంది, తక్కింది చాలావరకు ఎముకలో చేరుతుంది. పెరిగే పిల్లల్లో నిలిచిపోయేది ఇంకా ఎక్కువ. నీళ్లు తక్కువ తాగే చల్లటి దేశాల లెక్కలు మనకు అందుకే పనికిరావు.

బోరు వేయించిన అధికారి, దాతగా పేరు చెక్కించుకున్న పెద్దమనిషి, ముగ్గు కొట్టి కొబ్బరికాయ కొట్టిన సర్పంచి, వీళ్లలో ఒక్కడికీ చెడ్డ ఉద్దేశం లేదు. అప్పట్లో బోరు నీటిలో చూసింది రోగక్రిములు ఉన్నాయా లేవా అని. ఫ్లోరైడ్ పరీక్ష చేసి తాగకూడని బోరుకు గుర్తుగా రంగు వేయడం చాలా ఆలస్యంగా వచ్చింది. అట్లాగని తెలియక చేశారని పూర్తిగా వదిలేయడానికీ వీల్లేదు. ఎందుకంటే తెలిపినవాళ్లు ముందే ఉన్నారు. డావర్ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ జబ్బు మీద 1945లోనే వైద్య పత్రికలో రాశాడు. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ జిల్లా రోగుల మీద వ్యాసం ప్రచురించాడు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి వంగిపోయే రూపాన్ని లాన్సెట్‌లో వివరించారు. అంటే ఊరూరా బోరింగులు దిగే నాటికి కాగితం మీద సాక్ష్యం ఉంది. డాక్టర్ల కాగితం బోరు వేసే శాఖ బల్ల మీదికి చేరలేదు. ఆ రెండు బల్లల మధ్య దూరం ఎన్ని వంగిన వెన్నులైందో లెక్కకట్టినవాళ్లు లేరు.

ఈ కథలో చెరువుల పాలు కూడా ఉంది. పానగల్లు చెరువుకు కందూరు చోడుల ఉదయనుడి పేరు ఉదయసముద్రంగా నిలిచింది. ఆ కట్టను తరతరాలుగా కాచిన నీరటికాళ్ల పేరు ఒక్కటీ నిలవలేదు. నీరటికాడి పని చిన్నది కాదు. మృగశిరకు ముందు కట్టంతా నడిచి ఎలుక బొరియలు, చెద పుట్టలు వెతకాలి. బొరియను పైపైన పూడిస్తే లాభం లేదు, లోపలి దాకా తవ్వి తడి బంకమన్ను పొరలు పొరలుగా కూరి దిమ్మిస చెయ్యాలి. లేకపోతే చెరువు నిండిన నాడు అదే బుంగ, బుంగే గండి. తూము నోట్లో చెత్త తీయాలి. ముసురు పట్టిన రాత్రి కట్ట మీదే ఉండాలి. దిగువ కళ్లాల మీద అతనికి మేర, అంటే ధాన్యంలో వాటా కొలిచేవాళ్లు. కాలువ కింద పంట పోయి బోరు కింద పంట వచ్చాక, రైతుకు చెరువుతో పని తప్పింది, మేర కొలవడం మానేశాడు. మేర పోయినచోట నీరటికాడూ పోయాడు.

చెరువు నిండితే కింది నేలకు కొత్త నీరు ఇంకుతుంది, బావుల్లో ఫ్లోరైడ్ పలచబడుతుంది. చెరువు కింది బావికీ, దూరపు చెలక బోరుకూ సాధారణంగా తేడా కనబడేది ఇందుకే. శిఖంలో, అంటే చెరువు నీట మునిగే నేలలో, నాలుగు గుంటల కోసం అలుగు మీద ఒక వరుస రాయి పీకినవాడు చేసే నష్టం ఎంతో చూడండి. నూరెకరాల నీటి విస్తీర్ణం ఉన్న చెరువులో ఒక్క అడుగు మట్టం తగ్గితే పోయేది పన్నెండు కోట్ల లీటర్లకు పైగా. పలుగుతో గంట పని. అట్లాంటివాడి మీద పోలీసు కేసు నడవవచ్చు, నడవకపోవచ్చు. అతని పేరు మీద చరిత్ర వ్యాసం మాత్రం ఎవరూ రాయరు. చెరువు నింపినవాడికీ చెరువు ఎండబెట్టినవాడికీ ఒకే పేజీలో చోటివ్వాలని మేమంటాం.

ఇప్పుడు విరుగుడు వెతికినవాళ్ల వంతు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి)లో నవ్లఖే, తోటి శాస్త్రవేత్తలు 1970ల్లో పటికతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. టాంజానియా పల్లెల్లో ఈ పేరు చెప్పి బకెట్లు పంచారు. మన జిల్లాలో పదిమందిని ఆపి అడిగితే ఇద్దరికి తెలిస్తే ఎక్కువ. రోగానికీ మన ఊరి పేరే, మందుకూ మన ఊరి పేరే, మందు మాత్రం వేరే ఊళ్ల పాలైంది.

ఇంట్లో చేసే తీరు ఇది. అడుగు నుంచి మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల ఎత్తులో నల్లా బిగించిన బకెట్ కావాలి. పటికను ముందే కరిగించి పెట్టుకోవాలి, లీటరు నీటికి నూరు గ్రాములు. బకెట్‌లో 20 లీటర్ల నీళ్లు పోసి, మొదట సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలపాలి. ఆ తర్వాతే పటిక నీళ్లు పోయాలి. పది నిమిషాలు నిదానంగా తిప్పాలి. గంటసేపు కదపకుండా వదిలేయాలి. పైన తేరిన నీళ్లను నల్లా తిప్పి వేరే బిందెలోకి పట్టాలి. పటిక నీటిలో తెల్లటి మెత్తటి తునకలుగా విచ్చుకుని, ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. సున్నం నీళ్లు పులుపెక్కకుండా కాపాడుతుంది.

మోతాదు దగ్గరే అంతా ఉంది. నీటిలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు, క్షారత లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉంటే, దాన్ని 1కి దించడానికి లీటరుకు దాదాపు 350 మిల్లీగ్రాముల పటిక కావాలి. అంటే 20 లీటర్ల బకెట్‌కు 7 గ్రాములు, పైన చెప్పిన పటిక నీళ్లయితే 70 మిల్లీలీటర్లు. అదే 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ఇంకో బోరులో క్షారత 600 ఉంటే 520 మిల్లీగ్రాములు, బకెట్‌కు పదిన్నర గ్రాములు పడుతుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతు చాలు, ఏడు గ్రాములకు మూడో వంతు గ్రాము. పక్కింటివాళ్ల కొలత మన బోరుకు పనికిరాదన్నమాట. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత కూడా పరీక్ష చేయించకుండా పటిక వేయడం, జ్వరం చూడకుండా సూది వేయడం లాంటిది.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెబుతాం. పటిక గడ్డను బిందెలో నాలుగు చుట్లు తిప్పి తీసేయడం మన ఇళ్లలో పాత అలవాటు. దాంతో బురద తేరుతుంది, ఫ్లోరైడ్ పోదు, కరిగే పటిక ఏమాత్రం చాలదు. గట్టిగా గిలకొడితే కట్టిన తునకలు విరిగి నీళ్లలోనే తేలుతాయి. తొందరపడి బకెట్ వంచితే అడుగు మడ్డి బిందెలో పడుతుంది, తీసిన ఫ్లోరైడ్ మళ్లీ కడుపులోకే. పటిక ఎక్కువై సున్నం తక్కువైతే నీళ్లు పులిసి అల్యూమినియం కరిగే ఉంటుంది. మడ్డిని బోరు గద్దె పక్కనే పారబోస్తే వానకు అది ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. ఇంటికి దూరంగా, బావికి ఎగువ కాని చోట గుంత తీసి పోయాలి. ఇంత చేసినా ఉప్పు నీళ్లు మంచినీళ్లు కావు. ఉప్పదనం ఎక్కువున్న బోరుకు ఈ పద్ధతి పెట్టకపోవడమే మేలు.

కొందరు నీళ్లు మరగబెడితే సరిపోతుందనుకుంటారు. మరిగితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల డ్రమ్ములు బాగానే పట్టుకుంటాయి కాని, నిండాక పట్టుకోవు. నిండిన రోజు నీటి రంగూ మారదు, రుచీ మారదు. కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడాలి. ఆ పని చేసే మనిషికి జీతం ఆగిన నెల నుంచి ఊరు చచ్చిన డ్రమ్ములోంచి నీళ్లు తాగుతుంది. ఊరుమ్మడి పటిక ప్లాంట్లు మూలనపడింది కూడా శాస్త్రం తప్పై కాదు. పటిక మూట సమయానికి రాలేదు, నీటిని పరీక్షించే చెయ్యి లేదు, కరెంటు ఉన్నప్పుడు మనిషి లేడు. శాస్త్రవేత్త చేసిన పదేళ్ల పనిని ఆపరేటర్‌కు ఇవ్వని కొద్దిపాటి జీతం రద్దు చేసింది.

1996 లోక్‌సభ ఎన్నికల గురించి మీ పేజీలో రాకపోవడం మాకు అన్నిటికన్నా వింతగా ఉంది. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో నిలిచింది 480 మంది. అప్పట్లో ఇక్కడ ఓటింగ్ యంత్రాలు లేవు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస, ఒక్కో గుర్తు అచ్చువేయాలి. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ఓటరు పేజీలు తిప్పి ముద్ర వేయాలి, దాన్ని మడిచి డబ్బాలో వేయాలి, మామూలు డబ్బాలో అది పట్టదు. లెక్కపెట్టేవాళ్ల తిప్పలు వేరే. ధర్నాలు, వినతిపత్రాలు చేయలేని పనిని ఎన్నికల సంఘం అచ్చు ఖర్చు చేసింది. నల్లగొండ నీళ్ల మాట ఢిల్లీ దాకా పోయింది. ఒక్క మనిషి ఆలోచన అది. కాని అది పుస్తకమైంది మాత్రం నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టడానికి ఆఫీసు దాకా నడిచి వచ్చిన ప్రతివాడి వల్లా. డిపాజిట్ అయిదు వందలు పోతుందని తెలిసే కట్టారు.

ఆ పనికి రెండో ముఖం కూడా ఉంది, అదీ రాయాలి. ఆ ఏడాదే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. స్వతంత్ర అభ్యర్థికి ఒక్కరు కాదు, పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 480 మంది కొట్టిన తలుపు తర్వాతి పేదవాడికి ఇరుకైంది. ఆ ఇరుకులోంచే 2019లో నిజామాబాద్ రైతులు మళ్లీ దూరి బరిని 185 మందికి తెచ్చారనుకోండి, అది వేరే జిల్లా కథ.

కృష్ణ నీళ్లు ఆ తర్వాతే అంచెలంచెలుగా వచ్చాయి. పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోసే ఎత్తిపోతలకు ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. అక్కంపల్లి నీళ్లు హైదరాబాద్‌కూ పోతాయి. ఫ్లోరైడ్ ఊళ్ల మీదుగా ఆ గొట్టాలు పోతుంటే జనం ఏమనుకున్నారో మీ పాత సంచికల్లోనే ఉంటుంది, తీసి చూడండి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో ఇంటింటి నల్లా వచ్చింది. ఎవరి ప్రభుత్వం, ఎవరి ఘనత అన్న గొడవ రాజకీయ నాయకులు చూసుకుంటారు. మాకు నల్లా చివర ఉన్న మనిషి మీద కన్ను.

ఊళ్లో నీళ్లు వదిలే మనిషి ఒకడుంటాడు. పంచాయతీ జీతం, అదీ నెలనెలా వస్తుందన్న నమ్మకం లేదు. ఎగువ నుంచి నీళ్లు తక్కువ వచ్చిన రోజు ఊరి తిట్లు తప్పించుకోవడానికి అతను బోరు వాల్వు తిప్పి అదే ట్యాంకులో నింపుతాడు. 40,000 లీటర్ల ట్యాంకు అనుకోండి. కృష్ణ నీటిలో 0.4, బోరులో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, చెరి సగం కలిపితే 2.2 అవుతుంది. హద్దు దాటినట్టే. పావు వంతు బోరు నీళ్లయితే 1.3, ఒకటి దాటినా 1.5 లోపలే. ఈ లెక్క అతనికి ఎవరైనా చెప్పారా? బోరు నీళ్లు ఎన్ని కలిపాడో రాసే పుస్తకం ట్యాంకు దగ్గర ఉందా? జిల్లా ప్రయోగశాలలో తీసిన నమూనా కలపని రోజుదైతే కాగితం మీద ఊరు శుభ్రంగానే ఉంటుంది. క్లోరిన్ సంగతీ అంతే, చివరి ఇంటి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, ట్యాంకు దగ్గర చూస్తే చాలదు. నల్లాకు మోటారు బిగించి గుంజేవాళ్ల వల్ల చివరి ఇళ్లకు నీళ్లు అందవు, వాళ్లు మళ్లీ బోరింగు దగ్గరికే పోతారు. మోటారు బిగించినవాడు ఊరికి ఫ్లోరైడ్ పంచుతున్నానని అనుకోడు.

ఇళ్లలో ఇంకో పొరపాటు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు, వంట బోరు నీళ్లతో చేస్తారు. అన్నం, పప్పు పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడూ కంచంలోకే వస్తుంది. క్యాన్ లెక్కలోకి వచ్చింది, కుండ లెక్కలోకి రాలేదు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. మన పచ్చిపులుసుకు అది గౌరవమే కాని, పచ్చిపులుసు పోసుకుంటున్నాం కదా అని బోరు నీళ్లు తాగడం కుదరదు.

మీ నుంచి కోరేది ఇది. మహబూబ్‌నగర్ వైపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి కూడా పత్రికా సంపాదకుడే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. 354 మంది కవులను వెతికి, పేరూ ఊరూ పద్యమూ చేర్చి 1934లో అచ్చువేశాడు. మీరు మహనీయుల వ్యాసాలు వేస్తూనే ఉండండి. పక్కన ఒక చిన్న పెట్టె ఇవ్వండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాలతో మొదలుపెట్టి, వారానికి పది ఊళ్లు. ఊరి పేరు, నమూనా తీసిన తేదీ, నల్లా నీటిలో ఫ్లోరైడ్, బోరింగు నీటిలో ఫ్లోరైడ్, చివరి ఇంటి క్లోరిన్, ట్యాంకు కడిగిన తేదీ, చెరువు అలుగు పారిందా లేదా. పని చేసినవాళ్ల హోదా కూడా వేయండి, పేరు వేయడానికి వాళ్లు ఒప్పుకుంటే మరీ మంచిది. వానాకాలం ముందు ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి తీస్తే చెరువు ఎంత పనిచేసిందో అంకెల్లోనే కనబడుతుంది.

మీ విలేకరులు నమూనా తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. గాజు సీసా వద్దు, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా వాడాలి. బోరింగును అయిదు నిమిషాలు కొట్టి, గొట్టంలో నిలిచిన నీళ్లు పోయాక పట్టాలి. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపాలి. ఊరు, నల్లానా బోరా, తేదీ, గంట సీసా మీదే రాయాలి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఆ రోజు ట్యాంకులో బోరు నీళ్లు కలిపారా అని నీళ్లు వదిలే మనిషినే అడగాలి, అతన్ని బెదిరించకుండా అడగాలి. జేబులో పెట్టుకుపోయే కిట్‌లో ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. పోల్చే రంగుల కార్డు ఎండకు వెలిసి ఉంటే ఆ అంకె నమ్మవద్దు. 1.5 దగ్గర్లో వచ్చిన ప్రతి నమూనానూ ప్రయోగశాలలో మళ్లీ చూపించాకే అచ్చువేయండి. ఒక ఊరికి తప్పు అంకె వేస్తే, ఆ ఊరి పిల్లకు సంబంధం తప్పిపోతుంది. ఆ భయంతోనే చాలా ఊళ్లు అసలు అంకెను దాస్తున్నాయి.

ఇట్లు,
నీటి సరఫరా, నీటి పరీక్షల పని తెలిసిన కొందరు,
నల్లగొండ